గగన్ నారంగ్: అంతర్జాతీయ షూటింగ్‌లో హైదరాబాద్ రైఫిల్ క్రీడాకారుడి ప్రస్థానం

గగన్ నారంగ్ భారత రైఫిల్ షూటింగ్ క్రీడాకారుడు, క్రీడా నిర్వాహకుడు. హైదరాబాద్‌లో పెరిగి, అక్కడే తుపాకీ పట్టడం నేర్చుకున్న ఆయన 2012 లండన్ ఒలింపిక్ క్రీడల్లో పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్య పతకం సాధించారు. ఆ క్రీడల్లో భారత్‌కు దక్కిన మొదటి పతకం అదే. రాజ్యవర్ధన్ సింగ్ రాఠోడ్, అభినవ్ బింద్రా తర్వాత ఒలింపిక్ పతకం అందుకున్న మూడో భారత షూటర్ ఆయన. 2006 మెల్‌బోర్న్, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో నాలుగేసి చొప్పున మొత్తం ఎనిమిది స్వర్ణాలు గెలుచుకున్నారు. 2004 నుంచి 2016 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్ క్రీడల్లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించారు. 2022 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘం ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత బృందానికి సారథ్యం వహించారు.

నారంగ్ క్రీడాజీవితాన్ని పతకాల సంఖ్యతో మాత్రమే కొలిస్తే అసలు విషయం మరుగున పడుతుంది. రైఫిల్ షూటింగ్‌లో ప్రపంచ స్థాయి క్రీడాకారుల మధ్య తేడా ఒక పాయింటు, కొన్నిసార్లు పాయింటులో పదో వంతు మాత్రమే. ఆ స్వల్పమైన తేడా 2008లో ఆయనను ఒలింపిక్ ఫైనల్‌కు దూరం చేసింది. నాలుగేళ్ల తర్వాత లండన్ ఫైనల్లో స్వర్ణ విజేతతో సమానంగా గురిపెట్టినా, అర్హత పోటీలో చేజారిన ఒక్క పాయింటు ఆయనను స్వర్ణానికి దూరంగా నిలిపింది. ఈ రెండు ఘట్టాల మధ్య నాలుగేళ్లలోనే ఆయన ప్రపంచ రికార్డు, ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం, స్వదేశంలో నాలుగు స్వర్ణాలు వచ్చాయి.

బాల్యం, తొలి అడుగులు

నారంగ్ 1983 మే 6న చెన్నైలో జన్మించారు. ఆయన కుటుంబ మూలాలు హర్యానాలోని పానిపట్ ప్రాంతానికి చెందినవి. తండ్రి భీమ్‌సేన్ నారంగ్ ఎయిర్ ఇండియా ఉద్యోగి. కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడటంతో చదువంతా ఇక్కడే సాగింది. గీతాంజలి పాఠశాలలో చదివిన తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పట్టా పొందారు.

1997లో తండ్రి తెచ్చి ఇచ్చిన ఎయిర్ పిస్టల్‌తో ఆయన గురిసాధన మొదలైంది. బేగంపేటలోని ఇంటి పెరడే తొలి సాధన స్థలం. తర్వాత పిస్టల్‌ను వదిలి రైఫిల్‌ను ఎంచుకున్నారు. షూటింగ్ ఖర్చుతో కూడిన క్రీడ. పోటీ స్థాయి రైఫిల్, గుళ్లు, శరీరాన్ని కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక జాకెట్, ప్యాంటు, బూట్లు చాలావరకు విదేశాల నుంచి తెప్పించుకోవలసినవే. కుమారుడికి మంచి రైఫిల్ కొనేందుకు తండ్రి ఇంటి కోసం ఉంచుకున్న స్థలాన్ని అమ్మేశారని, కుటుంబం ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే గడిపిందని లండన్ పతకం తర్వాత పత్రికలు విస్తృతంగా రాశాయి. ప్రభుత్వ సహాయం, కార్పొరేట్ ప్రాయోజకత్వం ఇప్పటంతగా లేని కాలంలో ఒక మధ్యతరగతి కుటుంబం ఈ క్రీడలో నిలబడాలంటే ఎంతటి భారం మోయవలసి వచ్చేదో చెప్పే ఉదంతం ఇది.

ఎయిర్ రైఫిల్ పోటీ తీరు

నారంగ్ ఫలితాలను అర్థం చేసుకోవాలంటే పోటీ నిబంధనలు కొంత తెలియాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 4.5 మిల్లీమీటర్ల గుళ్లను వాడతారు. లక్ష్యం మధ్యలో పది పాయింట్లకు గుర్తు అయిన చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. పది మీటర్ల దూరం నుంచి నిలబడి దానిని కొట్టాలి. రైఫిల్ బరువు అయిదున్నర కిలోలు మించకూడదు. ఊపిరి, గుండె చప్పుడు, పాదాల మీద పడే బరువు, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి వంటివన్నీ గురిని ప్రభావితం చేస్తాయి. అందుకే షూటర్ ఒక్కో గుండుకు ముందు ఒకే క్రమాన్ని యంత్రంలా పాటించేలా ఏళ్ల తరబడి సాధన చేస్తాడు.

నారంగ్ ఉన్నత స్థాయిలో ఉన్న కాలంలో పురుషుల అర్హత పోటీలో గంటా 45 నిమిషాల వ్యవధిలో 60 గుళ్లు పేల్చేవారు. గుండుకు గరిష్ఠంగా 10 పాయింట్లు, మొత్తం 600. తొలి ఎనిమిది స్థానాల్లో నిలిచినవారు ఫైనల్‌కు చేరేవారు. ఫైనల్లో మరో పది గుళ్లు ఉండేవి. ఇక్కడ పాయింట్లను దశాంశాలతో లెక్కించడంతో ఒక్కో గుండుకు గరిష్ఠంగా 10.9 వచ్చేది. అర్హత పోటీ స్కోరుకు ఫైనల్ స్కోరును కలిపి విజేతను నిర్ణయించేవారు. కాబట్టి ఉదయం అర్హత పోటీలో కోల్పోయిన పాయింటు మధ్యాహ్నం ఫైనల్లోనూ వెంటాడేది. 2013లో ఈ విధానం మారింది. ఆ మార్పు నారంగ్ తరం షూటర్లపై చూపిన ప్రభావం గురించి తర్వాత చూద్దాం.

హైదరాబాద్ స్వర్ణం నుంచి మెల్‌బోర్న్ దాకా

అంతర్జాతీయ వేదికపై నారంగ్ తొలి పెద్ద విజయం సొంత నగరంలోనే దక్కింది. 2003 అక్టోబరులో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణాన్ని ఆయన అక్టోబరు 26న గెలుచుకున్నారు. అప్పటికి వయసు 20 ఏళ్లు.

మరుసటి సంవత్సరం ఏథెన్స్‌లో తొలిసారి ఒలింపిక్ బరిలోకి దిగారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 600కు 593 పాయింట్లు సాధించి 12వ స్థానంలో నిలిచారు. అదే పోటీలో బింద్రా ఫైనల్‌కు చేరి ఏడో స్థానం పొందారు. ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్ విభాగంలో రాఠోడ్ సాధించిన రజతం భారత షూటింగ్‌కు తొలి ఒలింపిక్ పతకం. క్రీడాభిమానుల దృష్టి ఈ క్రీడవైపు మళ్లింది అప్పుడే.

2006 నారంగ్ పేరును స్థిరపరచిన సంవత్సరం. ఆ ఏడాది ప్రపంచ కప్ పోటీల్లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచారు. మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వ్యక్తిగత, జంట విభాగాల్లోనూ, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ వ్యక్తిగత, జంట విభాగాల్లోనూ స్వర్ణాలు సాధించారు. ఎయిర్ రైఫిల్ జంట పోటీలో ఆయన సహచరుడు అభినవ్ బింద్రా. జంటగా కలిసి గెలిచే ఈ ఇద్దరూ వ్యక్తిగత పోటీలో పరస్పరం ప్రత్యర్థులు. ఆ తర్వాత పదేళ్ల పాటు భారత రైఫిల్ షూటింగ్ ప్రధానంగా ఈ ఇద్దరి చుట్టూనే తిరిగింది.

బీజింగ్: సమాన స్కోరు, తొమ్మిదో స్థానం

2008 ఆగస్టు 11న బీజింగ్‌లో జరిగిన ఎయిర్ రైఫిల్ పోటీ భారత క్రీడాచరిత్రలో మరపురాని రోజు. అర్హత పోటీలో 596 పాయింట్లు సాధించిన బింద్రా ఫైనల్లో 104.5 పాయింట్లు జోడించి, మొత్తం 700.5తో స్వర్ణం గెలిచారు. వ్యక్తిగత విభాగంలో భారత్‌కు అది మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. చైనాకు చెందిన ఝు చినాన్ 699.7తో రజతం, ఫిన్లాండ్‌కు చెందిన హెన్రీ హాకినెన్ 699.4తో కాంస్యం అందుకున్నారు.

అదే అర్హత పోటీలో నారంగ్ 595 పాయింట్లు సాధించారు. చివరి ఫైనల్ బెర్తు పొందిన షూటర్ స్కోరు కూడా అంతే. స్కోర్లు సమానమైనప్పుడు కౌంట్‌బ్యాక్ నిబంధన వర్తిస్తుంది. అంటే చివరి పది గుళ్ల వరుసలో ఎవరికి ఎక్కువ పాయింట్లు వచ్చాయో చూస్తారు. అక్కడా తేడా లేకపోతే అంతకుముందరి వరుసను పోలుస్తూ వెనక్కి వెళతారు. ఆ లెక్కలో నారంగ్ తొమ్మిదో స్థానానికి పడిపోయారు. ఫైనల్‌కు ఎనిమిది మందికే అవకాశం.

విజేత బింద్రాకు, ఫైనల్ చూసే అవకాశమే దక్కని నారంగ్‌కు అర్హత పోటీలో ఉన్న తేడా ఒక్క పాయింటు. ఒకే దేశం, ఒకే జట్టు, ఒకే పోటీ. ఒకరు దేశ క్రీడాచరిత్రలో శాశ్వత స్థానం పొందగా, మరొకరు ఫలితాల పట్టికలో తొమ్మిదో పేరుగా మిగిలారు. ఆ ఒక్క పాయింటు నారంగ్ తదుపరి నాలుగేళ్ల సాధనకు లక్ష్యాన్ని నిర్ణయించింది.

బ్యాంకాక్: 600కు 600

ఆ ఓటమి తర్వాత మూడు నెలలు గడవకముందే నారంగ్ గురి ఎంత నిక్కచ్చిగా ఉందో ప్రపంచానికి తెలిసింది. చైనాలో జరిగిన ప్రపంచ కప్ పోటీలో గెలవడం ద్వారా ఆయన 2008 ప్రపంచ కప్ ఫైనల్స్‌కు అర్హత పొందారు. ప్రపంచ కప్ ఫైనల్స్ అంటే ఆ ఏడాది అత్యుత్తమంగా రాణించిన కొద్దిమందికి మాత్రమే ప్రవేశం ఉండే పోటీ. నవంబరు 4న బ్యాంకాక్‌లో అర్హత పోటీలో పేల్చిన 60 గుళ్లూ పది పాయింట్ల చుక్కనే తాకాయి. 600కు 600. ఫైనల్లో మరో 103.5 పాయింట్లు జోడించి మొత్తం 703.5తో స్వర్ణం గెలిచారు. ఆస్ట్రియాకు చెందిన థామస్ ఫార్నిక్ 2006లో స్పెయిన్‌లోని గ్రనాడాలో నెలకొల్పిన 703.1 పాయింట్ల ప్రపంచ రికార్డు దానితో చెరిగిపోయింది.

బీజింగ్‌లో 595, బ్యాంకాక్‌లో 600. ఈ రెండు స్కోర్ల మధ్య తేడా 60 గుళ్లలో అయిదు పాయింట్లు. చూడటానికి చిన్న సంఖ్యే అయినా ప్రపంచ స్థాయిలో అది తొమ్మిదో స్థానానికి, ప్రపంచ రికార్డుకు మధ్య ఉన్న దూరం.

2010: మూడు నగరాలు, మూడు పరీక్షలు

నారంగ్ క్రీడాజీవితంలో అత్యంత ఫలవంతమైన సంవత్సరం 2010. ఆ ఏడాది జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. ఇటలీకి చెందిన నికోలో కాంప్రియానీ ఆ పోటీలో ప్రపంచ విజేత. నారంగ్‌కు ఆ కాంస్యంతో పాటు లండన్ ఒలింపిక్ క్రీడల్లో భారత్ తరఫున తొలి కోటా స్థానం కూడా దక్కింది. షూటింగ్‌లో ఒలింపిక్ ప్రవేశం ర్యాంకింగు కన్నా ప్రధానంగా ఇలాంటి కోటా స్థానాలపై ఆధారపడి ఉంటుంది. రెండేళ్ల ముందుగానే కోటా లభించడంతో అర్హత ఆందోళన లేకుండా సిద్ధమయ్యే వెసులుబాటు ఆయనకు కలిగింది.

అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్‌లో స్వదేశీ ప్రేక్షకుల ముందు నారంగ్ మెల్‌బోర్న్ ఫలితాన్ని పునరావృతం చేశారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ జంట పోటీలో బింద్రాతో కలిసి 1193 పాయింట్లతో స్వర్ణం గెలిచారు. వ్యక్తిగత పోటీ అర్హతలో మరోసారి 600కు 600 సాధించి, మొత్తం 703.6 పాయింట్లతో ఒలింపిక్ విజేత బింద్రాను రెండో స్థానానికి నెట్టారు. 50 మీటర్ల త్రీ పొజిషన్స్ వ్యక్తిగత విభాగంతో పాటు ఇమ్రాన్ హసన్ ఖాన్‌తో కలిసి జంట విభాగంలోనూ స్వర్ణాలు అందుకున్నారు. ఆ క్రీడల్లో భారత్ గెలిచిన 38 స్వర్ణాల్లో 14 షూటింగ్ నుంచి వచ్చాయి. వాటిలో నాలుగింటిలో నారంగ్ భాగస్వామి.

నవంబరులో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ రైఫిల్ వ్యక్తిగత రజతం సాధించారు. బింద్రా, సంజీవ్ రాజ్‌పుత్‌లతో కలిసి జట్టు రజతం కూడా గెలుచుకున్నారు. షూటింగ్‌లో చైనా, దక్షిణ కొరియా వంటి దేశాలు పాల్గొనే ఆసియా క్రీడల్లో పోటీ కామన్వెల్త్ క్రీడల కన్నా ఎంతో తీవ్రంగా ఉంటుంది.

లండన్: ఒకే స్కోరు, వేర్వేరు పతకాలు

2012 జులై 30న లండన్‌లోని రాయల్ ఆర్టిలరీ బారక్స్‌లో పురుషుల ఎయిర్ రైఫిల్ పోటీ జరిగింది. ఆ కాలంలో భారత రైఫిల్ జట్టుకు కజకిస్తాన్‌కు చెందిన స్టానిస్లావ్ లాపిదస్ కోచ్‌గా ఉన్నారు. అర్హత పోటీలో నారంగ్ 60 గుళ్లలో రెండే పాయింట్లు కోల్పోయి 598తో మూడో స్థానంలో నిలిచారు. రొమేనియాకు చెందిన అలిన్ మోల్దొవేయాను, ఇటలీకి చెందిన కాంప్రియానీ చెరి 599 పాయింట్లతో ముందున్నారు. చైనా షూటర్ వాంగ్ టావో 598తో నారంగ్‌కు సమానంగా ఉన్నారు. పతకాన్ని కాపాడుకునే లక్ష్యంతో వచ్చిన బింద్రా 594తో 16వ స్థానానికి పరిమితమై, ఫైనల్‌కు చేరలేకపోయారు.

ఫైనల్లో నారంగ్ తొలి గుండుకు 10.7 సాధించారు. రెండో గుండు 9.7 వద్ద ఆగింది. తర్వాత వరుసగా 10.6, 10.7, 10.4, 10.6 వచ్చాయి. ఏడో గుండుకు 9.9, ఎనిమిదో గుండుకు 9.5. ఆ రెండు గుళ్లతో కాంస్యం కూడా చేజారుతుందేమోననే పరిస్థితి ఏర్పడింది. తొమ్మిదో గుండుకు 10.3 సాధించి నిలదొక్కుకున్న నారంగ్ చివరి గుండును 10.7 వద్ద నిలిపారు. ఫైనల్ స్కోరు 103.1, మొత్తం 701.1. 702.1 పాయింట్లతో మోల్దొవేయాను స్వర్ణం, 701.5తో కాంప్రియానీ రజతం, నారంగ్ కాంస్యం గెలిచారు. వాంగ్ టావో 700.4తో నాలుగో స్థానంలో నిలిచారు.

ఈ అంకెల్లో ఒక విశేషం ఉంది. స్వర్ణ విజేత మోల్దొవేయాను ఫైనల్ స్కోరు కూడా 103.1. అంటే ఫైనల్లోని పది గుళ్లను మాత్రమే లెక్కిస్తే స్వర్ణానికి, కాంస్యానికి తేడా లేదు. ఇద్దరినీ వేరు చేసింది అర్హత పోటీలోని ఒక్క పాయింటు. బీజింగ్‌లో ఫైనల్‌కే దూరమైన షూటర్, లండన్‌లో ఒత్తిడి అత్యధికంగా ఉండే ఫైనల్లో విజేతతో సమానంగా నిలిచారు. రజత విజేత కాంప్రియానీ కన్నా ఫైనల్లో 0.6 పాయింట్లు ఎక్కువే సాధించారు.

లండన్‌లో నారంగ్ మరో రెండు విభాగాల్లోనూ పోటీపడ్డారు. 50 మీటర్ల రైఫిల్ ప్రోన్‌లో 593 పాయింట్లతో 18వ స్థానం, త్రీ పొజిషన్స్‌లో 1164 పాయింట్లతో 20వ స్థానం లభించాయి. ఆ క్రీడల్లో భారత్ మొత్తం ఆరు పతకాలు గెలిచింది. షూటింగ్‌లో విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ రజతం సాధించారు. బ్యాడ్మింటన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం గెలవడంతో లండన్ నుంచి హైదరాబాద్‌కు రెండు పతకాలు వచ్చినట్లయింది.

50 మీటర్ల రైఫిల్, మారిన నిబంధనలు

ఎయిర్ రైఫిల్‌తో పాటు 50 మీటర్ల విభాగాల్లో కూడా అంతర్జాతీయ స్థాయిలో రాణించడం నారంగ్ ప్రత్యేకత. 50 మీటర్ల పోటీలో 0.22 అంగుళాల, అంటే 5.6 మిల్లీమీటర్ల తూటాలను వాడతారు. ప్రోన్ అంటే బోర్లా పడుకొని కాల్చే పద్ధతి. త్రీ పొజిషన్స్ పోటీలో మోకాలిపై కూర్చొని, పడుకొని, నిలబడి మూడు భంగిమల్లోనూ కాల్చాలి. నారంగ్ కాలంలో ఒక్కో భంగిమలో 40 చొప్పున మొత్తం 120 గుళ్లు ఉండేవి. మంచుదేశాల్లో స్కీయింగ్‌తో కలిపి నిర్వహించే బయాథ్లాన్‌లోనూ ఇదే కొలత తూటాలు, ఇదే 50 మీటర్ల దూరం ఉంటాయి. అక్కడ అలసిన శరీరంతో కొద్ది సెకన్లలో గురిపెట్టాలి. రైఫిల్ పోటీలో అలసట స్థానంలో గాలి, వెలుతురు, గంటల తరబడి నిలిచే ఏకాగ్రత పరీక్ష పెడతాయి.

2013లో అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనలను సమూలంగా మార్చింది. అర్హత స్కోరును ఫైనల్‌కు కలిపే విధానం రద్దయింది. ఫైనలిస్టులందరూ సున్నా నుంచి మొదలుపెట్టాలి. తక్కువ స్కోరు ఉన్నవారు ఒక్కొక్కరుగా నిష్క్రమిస్తారు. ఎయిర్ రైఫిల్, ప్రోన్ అర్హత పోటీల్లోనూ దశాంశాల లెక్క వచ్చింది. దీంతో 600కు 600 అనే పరిపూర్ణ స్కోరుకు పాత అర్థం లేకుండా పోయింది. అర్హతలో నిలకడగా రాణించి ఆధిక్యంతో ఫైనల్‌లోకి అడుగుపెట్టే షూటర్లకు ఆ ప్రయోజనం దూరమైంది. పాత పద్ధతిలో రెండుసార్లు పరిపూర్ణ స్కోరు సాధించిన నారంగ్ ముప్పై ఏళ్ల వయసులో కొత్త పద్ధతికి అలవాటు పడవలసి వచ్చింది.

ఈ దశలో ఆయనకు ప్రోన్ విభాగం అండగా నిలిచింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్‌లో రజతం గెలిచారు. ఆస్ట్రేలియాకు చెందిన వారెన్ పోటెంట్ స్వర్ణ విజేత. త్రీ పొజిషన్స్‌లో నారంగ్ కాంస్యం అందుకున్నారు. దీంతో కామన్వెల్త్ క్రీడల్లో ఆయన పతకాల సంఖ్య పదికి చేరింది. 2015లో అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ప్రోన్ కాంస్యంతో రియో ఒలింపిక్ క్రీడలకు కోటా స్థానం సంపాదించారు.

2016లో రియోలో మూడు విభాగాల్లో బరిలోకి దిగినా ఫైనల్ చేరలేకపోయారు. ప్రోన్‌లో 13వ, ఎయిర్ రైఫిల్‌లో 23వ, త్రీ పొజిషన్స్‌లో 33వ స్థానాలు లభించాయి. బింద్రా ఎయిర్ రైఫిల్‌లో నాలుగో స్థానంతో తన ఒలింపిక్ ప్రస్థానాన్ని ముగించారు. భారత షూటర్లు పతకం లేకుండా తిరిగివచ్చారు. రియో తర్వాత ప్రోన్ విభాగాన్ని ఒలింపిక్ క్రీడల నుంచి తొలగించారు. చివరి దశలో నారంగ్‌కు బలమైన విభాగమే ఒలింపిక్ వేదికపై లేకుండా పోయింది. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఆయన ప్రోన్‌లో ఏడో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో షూటింగ్‌కే చోటు దక్కలేదు.

శిక్షణ సంస్థ, కొత్త తరం

ఇంకా పోటీల్లో కొనసాగుతున్నప్పుడే నారంగ్ శిక్షణ రంగంలోకి అడుగుపెట్టారు. సహచర షూటర్ పవన్ సింగ్‌తో కలిసి 2011లో పుణే కేంద్రంగా గన్ ఫర్ గ్లోరీ అకాడమీని ప్రారంభించారు. తర్వాత అది హైదరాబాద్ సహా ఇతర నగరాలకు విస్తరించింది. తుపాకీ, రేంజ్, శిక్షకుడు ఒకేచోట అందుబాటులో ఉంటే ఈ క్రీడలోకి వచ్చే పిల్లల కుటుంబాలపై తొలిదశలో పడే భారం తగ్గుతుంది. సొంత రైఫిల్ కొనకముందే క్రీడ తమకు సరిపడుతుందో లేదో పిల్లలు తెలుసుకోవచ్చు. ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టిన నారంగ్‌కు అలాంటి సదుపాయం విలువ స్వయంగా తెలుసు.

ఈ అకాడమీలో శిక్షణ పొందినవారిలో ఎలవేనిల్ వలరివన్ ముఖ్యురాలు. ఆమె 2019లో రియో ప్రపంచ కప్‌లోనూ, అదే ఏడాది చైనాలోని పుతియాన్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లోనూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు గెలిచి, టోక్యో, పారిస్ ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్నారు. హైదరాబాద్‌కు చెందిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించారు. హైదరాబాద్‌కే చెందిన పిస్టల్ షూటర్ ఈషా సింగ్ కూడా తొలిదశలో పుణేలోని ఈ అకాడమీలో శిక్షణ పొందారు. 2018లో 13 ఏళ్ల వయసులో జాతీయ విజేతగా నిలిచిన ఆమె, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం సహా నాలుగు పతకాలు గెలిచి, మరుసటి సంవత్సరం పారిస్ ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్నారు.

నిర్వాహకుడిగా, పారిస్ సారథిగా

2022 డిసెంబరులో పి.టి. ఉష అధ్యక్షురాలిగా ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘం కార్యవర్గంలో నారంగ్ ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారత బృంద సారథిగా మొదట బాక్సర్ మేరీ కోమ్‌ను నియమించారు. ఆమె వ్యక్తిగత కారణాలతో తప్పుకోవడంతో 2024 జులైలో ఆ బాధ్యత నారంగ్‌కు అప్పగించారు. క్రీడాకారుల వసతి, ప్రయాణం, శిక్షణ అవసరాలు, నిర్వాహకులతో సంప్రదింపులు వంటివన్నీ బృంద సారథి బాధ్యతలే.

లండన్‌లో నారంగ్, విజయ్ కుమార్ పతకాలు గెలిచిన తర్వాత రియో, టోక్యో క్రీడల్లో భారత షూటింగ్‌కు ఒక్క పతకం కూడా దక్కలేదు. పన్నెండేళ్ల ఆ నిరీక్షణ పారిస్‌లో ముగిసింది. మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో మరో కాంస్యం గెలిచారు. స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం సాధించారు. నారంగ్ మూడు ఒలింపిక్ క్రీడల్లో తలపడినా ఫైనల్ చేరలేకపోయిన 50 మీటర్ల రైఫిల్‌లో భారత్‌కు తొలి ఒలింపిక్ పతకం వచ్చినప్పుడు ఆ బృందానికి సారథి ఆయనే.

పురస్కారాలు

2011లో కేంద్ర ప్రభుత్వం నారంగ్‌ను పద్మశ్రీతో సత్కరించింది. అదే ఏడాది దేశ అత్యున్నత క్రీడా పురస్కారం ఖేల్‌రత్న ఆయనకు లభించింది.

ముఖ్య ఫలితాలు

2003: ఆఫ్రో-ఆసియా క్రీడలు, హైదరాబాద్. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం.
2004: ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలు. ఎయిర్ రైఫిల్‌లో 12వ స్థానం.
2006: మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలు. నాలుగు స్వర్ణాలు.
2008: బీజింగ్ ఒలింపిక్ క్రీడలు. ఎయిర్ రైఫిల్‌లో 9వ స్థానం.
2008: ప్రపంచ కప్ ఫైనల్స్, బ్యాంకాక్. 703.5 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం.
2010: ప్రపంచ చాంపియన్‌షిప్, మ్యూనిక్. ఎయిర్ రైఫిల్ కాంస్యం.
2010: ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు. నాలుగు స్వర్ణాలు.
2010: గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలు. ఎయిర్ రైఫిల్ వ్యక్తిగత, జట్టు రజతాలు.
2012: లండన్ ఒలింపిక్ క్రీడలు. 701.1 పాయింట్లతో ఎయిర్ రైఫిల్ కాంస్యం.
2014: గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు. ప్రోన్ రజతం, త్రీ పొజిషన్స్ కాంస్యం.
2015: ప్రపంచ కప్, ఫోర్ట్ బెన్నింగ్. ప్రోన్ కాంస్యం.
2016: రియో ఒలింపిక్ క్రీడలు. ప్రోన్‌లో 13వ, ఎయిర్ రైఫిల్‌లో 23వ, త్రీ పొజిషన్స్‌లో 33వ స్థానం.

బింద్రా స్వర్ణం భారతీయులకు ఒలింపిక్ శిఖరం అందుతుందని చూపింది. ఆ శిఖరానికి ఒక్క పాయింటు దూరంలో ఆగిపోయిన షూటర్ మళ్లీ రేంజ్‌కు వెళ్లి, ఆ పాయింటును వెతుక్కుంటూ నాలుగేళ్లు ఎలా గడపవచ్చో నారంగ్ చూపారు. ఆయన లండన్ పతకం తర్వాత హైదరాబాద్‌లో రైఫిల్ పట్టిన పిల్లలకు అనుసరించదగిన దారి ఒకటి సొంత నగరంలోనే కనిపించింది.